పచ్చ పెన్ను, నల్ల మ్యాట్ కొంటే సీడీ ప్లేయర్ సౌండ్ బాగుపడుతుందా?

సీతమ్మధార శ్రోత:

అందరికీ నమస్కారం. నాది విశాఖపట్నంలో సీతమ్మధార, బ్యాంకు ఉద్యోగం. ఇంట్లో ఇరవయ్యేళ్ల నాటి సీడీ ప్లేయర్, దానికి తగ్గ యాంప్లిఫయర్, చెక్క పెట్టెల స్పీకర్లు ఉన్నాయి. ఫోన్‌లో పాటలు వినడం నాకు పడలేదు. రాత్రి భోజనాలయ్యాక బాలమురళిగారి సీడీయో, ద్వారం వెంకటస్వామినాయుడుగారి పాత వయొలిన్ రికార్డులు ఎక్కించిన సీడీయో పెట్టుకుని కాసేపు కూర్చుంటే గానీ నిద్ర రాదు.

సంగతేంటంటే, మా బావమరిది చెన్నైలో ఉంటాడు, అక్కడ ఆడియో పిచ్చి ఉన్నవాళ్లతో తిరుగుతాడు. మొన్న సంక్రాంతికి వస్తూ ఒక డబ్బా తెచ్చాడు. అందులో పచ్చ ఇంకు పెన్ను ఒకటి. దాన్ని సీడీ బయటి అంచుకీ, మధ్య కన్నం అంచుకీ పూయాలట. ఇంకోటి పల్చటి నల్ల మ్యాట్, లేబుల్ మీద పరిచి ట్రే మూయాలట. ప్లేయర్ మూత విప్పి లోపల అతికించుకోవడానికి నల్ల వెల్వెట్ లాంటి స్టిక్కర్లు కూడా ఉన్నాయి. నాకూ ఒక సెట్టు తెప్పిస్తానంటున్నాడు. ఆరు వేల చిల్లర.

వాడు చెప్పేది ఇదీ: లేజర్ వెలుతురు డిస్క్ ప్లాస్టిక్ లోపల చెదిరి, అంచుల దగ్గర కొట్టుకుని వెనక్కి వస్తుందట. అది చదివే సెన్సార్ మీద పడి తికమక పెడుతుందట. ఆ దారితప్పిన వెలుతుర్ని ఎక్కడికక్కడ మింగేస్తే పాట తేటపడుతుందట. నా సీడీ ఒకదానికి పూసి వినిపించాడు కూడా. "చూశావా బావా, మృదంగం ఎలా విడిగా నిలబడిందో" అన్నాడు. నాకూ ఏదో తేడా ఉన్నట్టే అనిపించింది. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి "సౌండు పెంచారేటి?" అని అడిగింది.

ఇంకో గొడవ కూడా ఉంది. ఈమధ్య కొన్ని సీడీలు పెడితే "నో డిస్క్" అంటోంది. తీసి మళ్లీ పెడితే తీసుకుంటోంది. ఎక్కువసేపు వచ్చే సీడీలైతే చివరి పాటల్లో టిక్కుటిక్కుమని గెంతుతోంది. ఇదీ వెలుతురు గొడవేనంటాడు మావాడు. స్టిక్కర్లు అంటిస్తే పోతుందట.

తెలిసినవాళ్లు చెప్పండి. కొనమంటారా?

జగదాంబ జంక్షన్:

ఆరు వేలా! మా అమ్మాయి స్కెచ్ పెన్నుల పెట్టెలో పచ్చది ఉంది సార్, ఉచితంగా పట్టుకెళ్లండి.

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఇంకా పెద్ద కథ నడిచింది. కారు డాష్‌బోర్డుకి పూసే ఆర్మర్ ఆల్ పాలిష్ సీడీకి రుద్దితే సౌండు బాగుంటుందని అమెరికాలో ఎవరో రాశారు. తర్వాత చూస్తే ఆ పూతతో డిస్కులు పాడవుతాయని గగ్గోలు. మనం ఇంకా పెన్ను దగ్గరే ఉన్నాం, నయం.

డాబాగార్డెన్స్ సోల్డర్:

సీతమ్మధార వారూ, నేను డాబాగార్డెన్స్‌లో ఆడియో రిపేర్లు చేస్తాను. టేప్‌రికార్డర్ల కాలం నుంచీ ఇదే పని. మీరు రాసిన రెండు గొడవలకీ ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు, వాటిని కలపకండి. ముందు వెలుతురు సంగతి చూద్దాం.

ఆ పెన్ను కొత్త సరుకేం కాదు. 1990 ప్రాంతంలోనే సీడీ స్టాప్‌లైట్ పేరుతో అమెరికాలో అమ్మారు. దాని వెనకున్న లెక్క ఏటంటే, లేజర్ ఎర్రగా ఉంటుంది, ఎరుపుని పచ్చరంగు మింగేస్తుంది అని. వినడానికి బావుంది. కానీ సీడీ లేజర్ ఎరుపు కాదండీ. దాని తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, అంటే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్. ఎరుపు డీవీడీది, 650. బ్లూరేది 405, ఊదా. ఒక ఇంకు 780 దగ్గర వెలుతుర్ని మింగుతుందా, వదిలేస్తుందా అన్నది మన కన్ను చెప్పలేదు. సోనీ మొదటి ప్లేస్టేషన్ డిస్కులు గుర్తున్నాయా? అడుగు భాగం నల్లగా నిగనిగలాడేది. మనకి నలుపు, లేజర్‌కి మాత్రం ఉత్త గాజు. ఆ నలుపులోంచే చదివి ఆట ఆడించేది.

ఇంట్లోనే ఒకటి చేసి చూడొచ్చు. ఖాళీ సీడీల కట్ట కొన్నప్పుడు పైనో అడుగునో ఏమీ పూత లేని, గాజులా అవతలికి కనబడే ప్లాస్టిక్ బిళ్ల ఒకటి వస్తుంది చూశారా, డిస్కులకి గీతలు పడకుండా పెడతారు. దానికి మార్కర్‌తో దట్టంగా రంగు పూసి ఆరనివ్వండి. వెనక టీవీ రిమోట్ పెట్టి బటన్ నొక్కుతూ, ముందు నుంచి ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి. నా కొట్లో ఉన్న పచ్చ మార్కర్, నల్ల మార్కర్ రెండూ అలగే వదిలేశాయి. కంటికి ఆ బిళ్ల అవతల ఏమీ కనబడదు గానీ ఫోన్‌లో మటుకు రిమోట్ చుక్క ఊదారంగులో టపటపా కొట్టుకుంటూనే ఉంది. రిమోట్‌ది 940 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, లేజర్‌ది 780, కాబట్టి ఇదే రుజువని నేను వాదించను. కాకపోతే రంగు చూసి వెలుతురు ఆగిందని నమ్మడం ఎంత తేలికో అర్థమవుతుంది. మసితో చేసిన నలుపైతే ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా నిజంగానే ఆపుతుంది.

సరే, నిజంగా ఆపే ఇంకే దొరికిందనుకుందాం. ఆపడానికి అక్కడ ఏటుంది? సీడీ మధ్య నుంచి అంచుకి 60 మిల్లీమీటర్లు. పాటలు మొదలయ్యేది మధ్య నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర, అయిపోయేది మహా అయితే 58 దగ్గర. లోపలి నుంచి బయటికి చదువుకుంటూ వెళ్తుంది. అంటే మొదటి పాట వినేటప్పుడు లేజర్ బయటి అంచుకి 35 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, కన్నం అంచుకి పదిహేడు పైన. నలభై నిమిషాల సీడీ అయితే చివరి పాటకి కూడా అంచు దరిదాపుల్లోకి రాదు. అంచు వెలుతురే దోషమైతే నిండు సీడీలో ఆఖరి పాట బాగా మారాలి, నడిమి పాటలు ఏమీ మారకూడదు. పెన్ను పూసినవాళ్లెవరూ అలగ చెప్పగా నేను వినలేదు. అందరికీ మొదటి పాట నుంచే మృదంగం విడిపోతుంది!

మ్యాట్ సంగతి ఇంకా విచిత్రం. అది వేసేది లేబుల్ వైపు. లేజర్ అడుగు నుంచి వచ్చి అల్యూమినియం పూతకి కొట్టుకుని వెనక్కి పోతుంది. వచ్చిన వెలుతురులో కనీసం 70 శాతం వెనక్కి తిప్పాలని సీడీ ప్రమాణంలోనే ఉంది. పూత దాటి పైకి పోయేది బహు కొద్ది, ఆ పైన లేబుల్ రంగు. అది కూడా దాటుకుని మ్యాట్ దాకా వెళ్లేదెంత, అక్కడి నుంచి తిరిగి అన్నీ దాటుకుని సెన్సార్ దాకా వచ్చేదెంత?

దారితప్పిన వెలుతురు అసలు లేదని కాదు. ఉంది. ప్లాస్టిక్ అడుగు మీద పడగానే నాలుగైదు శాతం అక్కడికక్కడే వెనక్కి కొడుతుంది. ఆ చోట లేజర్ చుక్క ముప్పావు మిల్లీమీటరు వెడల్పుంటుంది. 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దాటి పాట రాసి ఉన్న బుల్లి గుంటల దగ్గరికి చేరేసరికి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపుకి కుదించుకుంటుంది. పైపైన కొట్టుకున్న వెలుతురు ఫోకస్‌లో ఉండదు, సెన్సార్ మీద మసకగా, ఎప్పుడూ ఒకేలాగ పడుతూ ఉంటుంది. గమనించండి, ఇది డిస్క్ అడుగున జరిగేది. ఇందులో ఏ పెన్నుకీ ఏ మ్యాట్‌కీ పని లేదు.

దీన్ని కనిపెట్టినవాళ్లు అప్పుడే చూసుకున్నారు. సెన్సార్ నుంచి వచ్చేది ఎగుడుదిగుడు అల. ఈ గీతకి పైన, ఈ గీతకి కింద అని విడదీసే సర్క్యూట్ ఉంటుంది, స్లైసర్ అంటాం. ఆ గీత ఒకచోట పాతేసింది కాదు. సీడీ మీద రాతే ఎలా ఉంటుందంటే, అల పైనుండే సమయమూ కిందుండే సమయమూ సగటున సమానంగా తూగుతాయి. అందుకని స్లైసర్ ఎప్పటికప్పుడు నట్టనడుమ వెతుక్కుంటుంది. మసక వెలుతురు పడి మొత్తం అల కాస్త పైకి లేచిందనుకోండి, పోటుకి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ లేచినట్టు గీత కూడా దాంతోపాటే లేస్తుంది.

ఇంక మా పనివాళ్ల దగ్గరుండే ఫిలిప్స్ టెస్ట్ డిస్క్ సంగతి చెబుతా. 5ఏ అంటారు దాన్ని. అందులో కావాలనే ఒక చోట సమాచారం లేకుండా చీలిక పెడతారు. 400 మైక్రాన్లతో మొదలై 900 దాకా వెడల్పవుతూ పోతుంది. పైన నల్ల చుక్కలు, దొంగ వేలిముద్ర కూడా వేసి ఉంటాయి. 900 మైక్రాన్లంటే ట్రాక్ మీద, అంటే పాట రాసి ఉన్న గీత మీద, దాదాపు ఒక మిల్లీమీటరు రాత గల్లంతు. మంచి ప్లేయర్ ఆ చీలిక మీద కిమ్మనకుండా వెళ్లిపోవాలి. సీడీలో తప్పులు దిద్దే ఏర్పాటుకి సీఐఆర్‌సీ అని పేరు. పక్కపక్కన ఉండాల్సిన సమాచారాన్ని దూరదూరంగా చెదరగొట్టి రాస్తుంది, 24 బైట్లకి 8 బైట్లు సరిచూసుకోవడానికే అదనంగా కలుపుతుంది. దాదాపు 4,000 బిట్లు వరసగా పోయినా, అంటే ట్రాక్ మీద రెండున్నర మిల్లీమీటర్లు చెడినా, పోయినవాటిని ఉన్నదున్నట్టుగా తిరిగి కట్టగలదు. అంత గండి పూడ్చే యంత్రానికి అంచు నుంచి వచ్చే పిసరంత వెలుతురొక లెక్కా?

ఒక కస్టమరు పెన్ను తెచ్చి పట్టుబడితే స్కోపు (సిగ్నల్‌ని తెర మీద అలగా చూపే ఆసిలోస్కోప్) మీద కూడా చూపించాను. కేఎస్ఎస్-213 పికప్ (లేజర్, లెన్స్ కలిసి ఉండే భాగం) ఉన్న ప్లేయర్. పూయకముందు ఐ-ప్యాటర్న్, అంటే చదివిన అలలన్నీ తెర మీద ఒకదాని మీద ఒకటి పడిన బొమ్మ, ఎత్తు 1.2 వోల్టులు, మధ్యలో వజ్రాల్లాంటి ఖాళీలు శుభ్రంగా తెరుచుకుని ఉన్నాయి. పూశాక అదే ఎత్తు, అవే ఖాళీలు. ఆ తర్వాత లెన్స్ మీద ఇయర్‌బడ్‌తో ఒక్కసారి తుడిచాను, ఎత్తు కళ్లముందే పెరిగింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, లెన్స్ తుడిచినందుకు డబ్బులిచ్చి వెళ్లాడు.

మీ రెండో గొడవ ఇక్కడే ఉంది. మన ఊళ్లో సముద్రం గాలి, ఉప్పు తేమ, దానికి తోడు పోర్టు వైపు దుమ్ము. వంటింటి పక్క హాల్లో ప్లేయర్ ఉంటే తాలింపు పొగ కూడా. ఇవన్నీ కలిసి లెన్స్ మీద జిడ్డు పొర కడతాయి, "నో డిస్క్" చాలావరకు అందుకే వస్తుంది. మూత విప్పగలిగితే, ప్లగ్గు పీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క ఇయర్‌బడ్ మీద వేసి, లెన్స్‌ని నొక్కకుండా పైపైన తుడవండి. అది సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, నొక్కారా అయిపోయింది. పక్కనున్న బుల్లి స్క్రూ ప్రీసెట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. లేజర్ పవర్ పెంచుదామని తిప్పి పికప్ కాల్చుకున్నవాళ్లు నాకు నెలనెలా తగులుతూనే ఉంటారు.

చివరి పాటల్లో గెంతడం మటుకు లెన్స్ కాకపోవచ్చు. పికప్ జారే రాడ్ మీద గ్రీజు ఇరవయ్యేళ్లకి బంకలాగ గట్టిపడుతుంది. లోపలి వైపు ఎలాగో లాక్కొస్తుంది గానీ బయటి కొసకి వెళ్లేసరికి పట్టేస్తుంది. పాత గ్రీజు తుడిచి కొత్తది పల్చగా రాయాలి. లేదంటే డిస్క్‌ని తిప్పే స్పిండిల్ మోటార్ అరిగి ఉండాలి. డిస్క్ ఏమాత్రం వంగినా ఎక్కువ ఊగేది బయటి వైపే కదా.

ఇంకో మాట. మార్కర్లలో ఉండే సాల్వెంట్ లేబుల్ వైపు లక్క పూతని తినే ప్రమాదం ఉంది. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ వాళ్లు డిస్కుల సంరక్షణ మీద వేసిన పుస్తకంలో సాల్వెంట్ మార్కర్లు వాడొద్దనే రాశారు. అల్యూమినియానికి రక్షణ ఆ లక్కే, అంచు దగ్గర అది మరీ పల్చన. అక్కడ చిల్లు పడితే మన తేమకి లోపల తుప్పు మొదలవుతుంది. ద్వారం వారి డిస్క్ మళ్లీ దొరకదు, దానికి ఏదీ పూయకండి.

పిఠాపురం కాలనీ రసికుడు:

సోల్డర్ గారి అనుభవం మీద గౌరవం ఉంది. అయినా ఒప్పుకోలేను. నేను ముప్పయ్యేళ్లుగా కళాభారతిలో ముందు వరసల్లో కూర్చుని కచేరీలు వింటున్నవాణ్ని. తంబురా శ్రుతి ఎక్కడ సన్నగిల్లిందో నా చెవికి తెలుస్తుంది. మ్యాట్ వేసినప్పుడు వీణ మీటు చివర, ఆ నాదం ఆరిపోయే చోట, వెనక నిశ్శబ్దం ఇంకాస్త చిక్కగా ఉంటుంది. ఇది నా ఊహ కాదు.

బిట్లు మారవని నాకూ తెలుసు. నా వాదన వేరు. వెలుతురు చెదిరితే ఫోకస్ సర్వో, ట్రాకింగ్ సర్వో, అంటే లెన్స్‌ని సరైన చోట నిలబెట్టే ఏర్పాట్లు, ఎక్కువ కష్టపడతాయి. లెన్స్‌ని కదిపే కాయిల్స్ ఎక్కువ కరెంటు లాగుతాయి. అదే పవర్ సప్లై నుంచి బిట్లని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డీఏసీకీ, అవుట్‌పుట్ దశకీ కరెంటు వెళ్తోంది. అక్కడ వచ్చే అల్లరి అనలాగ్ సిగ్నల్‌లో కలవదా? బిట్లు సరిపోలితే సౌండు కూడా ఒకటేనని తేల్చేయడం తొందరపాటు. పాత రోజుల్లో పయొనీర్ వాళ్లు డిస్క్‌ని తిరగేసి పళ్లెం మీద పెట్టి, పైనుంచి లేజర్‌తో చదివించే ప్లేయర్లు చేశారు. డిస్క్ స్థిరంగా ఉంటే లాభం లేకపోతే అంత పెద్ద కంపెనీకి ఆ శ్రమ ఎందుకు?

డాబాగార్డెన్స్ సోల్డర్:

రసికుడు గారూ, అడగాల్సిన ప్రశ్న ఇదే, పెన్నులు అమ్మేవాళ్లు కూడా దీన్ని ఇంత బాగా అడగరు. సర్వో కరెంటు సప్లైలోకి ఎక్కడం నిజమే. చవక ప్లేయర్లలో స్కోపు పెట్టి చూస్తే సప్లై లైను మీద కనబడుతుంది కూడా.

కాకపోతే ఆ సర్వో దేనికి కష్టపడుతోందో లెక్క వేయండి. డిస్క్ తిరిగేటప్పుడు దాదాపు అర మిల్లీమీటరు దాకా పైకీ కిందికీ ఊగినా సరేనని ప్రమాణం ఒప్పుకుంటుంది. ఆ ఊపులో లెన్స్ రెండు మైక్రాన్ల తేడాలో ఫోకస్ పట్టుకుని ఉండాలి. డిస్క్ కేంద్రం 70 మైక్రాన్లు పక్కకి ఉండొచ్చు, ట్రాక్‌కీ ట్రాక్‌కీ మధ్య ఉన్నది 1.6 మైక్రాన్లు. అంటే ఒక్క చుట్టులోనే లెన్స్ పదుల ట్రాకుల వెడల్పు అటూ ఇటూ ఊగుతూ ఒకే ట్రాక్‌ని వెంటాడాలి. మొదట నిమిషానికి 500 చుట్లు, చివరికి 200. కాయిల్స్ లాగే కరెంటంతా దీనికే. వెలుతురు వల్ల అదనంగా లాగేది ఏమైనా ఉంటే ఈ పెద్ద ఊపు కింద కనబడదు. మీ మ్యాట్ డిస్క్ కంపనాన్ని తగ్గిస్తుందంటే దాని మీద మాట్లాడుకోవచ్చు, పయొనీర్ పళ్లెం చేసిన పనీ అదే. అది వెలుతురు కథ కాదు. పైగా పయొనీర్ వాళ్లు ఆ బరువుకి తగ్గ మోటార్ పెట్టుకున్నారు. మామూలు ప్లేయర్లో బుల్లి మోటార్ మీద అదనపు బరువు వేస్తే ఆ అరిగే బేరింగ్ ఎవరి జేబుకి చిల్లు పెడుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంక బిట్ల టైమింగ్ గురించి కూడా అడుగుతారు, అదీ చెప్పేస్తా. డిస్క్ నుంచి వచ్చిన సమాచారం నేరుగా డీఏసీకి పోదు. మెమరీలో కాసేపు నిలబడి, క్వార్ట్జ్ క్రిస్టల్ తాళానికి బయటికొస్తుంది. మెమరీ నిండిపోతే మోటార్ నెమ్మదిస్తుంది, ఖాళీ అయితే వేగం పెరుగుతుంది. డిస్క్ దగ్గర జరిగిన చిన్న తొట్రుపాటు అక్కడే ఆగిపోతుంది.

మీ చెవిని నేను కాదనను. ఒకే కంపెనీ, ఒకే ముద్రణ సీడీలు రెండు తీసుకోండి. ఒకదానికి మ్యాట్ వేసి, ఒకదానికి వేయకుండా మీ అబ్బాయిని పెట్టమనండి. ఏది ఎప్పుడు పెట్టాడో కాగితం మీద రాసుకోమనండి, మీకు చెప్పొద్దు. ట్రే దగ్గర అలికిడి వినబడని గదిలో కూర్చోండి. వీణ నాదం ఆరే చోటే వినండి. మీరు రాసిందీ అతను రాసిందీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది, నా మాట వినక్కర్లేదు.

ఉక్కునగరం కుర్రాడు:

సోల్డర్ మాష్టారు చెప్పినదానికి నేను చేసినది కలుపుతాను. మా నాన్నగారి సీడీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నా. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరులో, కిటికీ అద్దం పగిలి అల్మారాలోకి నీళ్లొచ్చాయి. లేబుళ్ల మీద మరకలు పడ్డ డిస్కులు చాలా ఉన్నాయి. వాటికి ఎక్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా. అది చదివిన ప్రతి పాటకీ ఒక లెక్క తీసి, ప్రపంచంలో అదే సీడీ చదివినవాళ్ల లెక్కలతో ఆక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌లో పోల్చి చూస్తుంది. మరకలున్న డిస్కులు కూడా చాలావరకు అందరితో తుచ తప్పకుండా సరిపోయాయి. ఏమీ పూయని డిస్కే అందరితో సరిపోతే, పెన్ను పూసి ఇంకా బాగుచేయడానికి అందులో మిగిలిందేంటి?

కంప్యూటర్ డ్రైవ్ తప్పు వస్తే మళ్లీ మళ్లీ చదువుతుంది, ప్లేయర్ ఒక్కసారే చదువుతుంది కదా అని నా ఫ్రెండ్ అడ్డుపడ్డాడు. సరే అని ప్లేయర్ వెనక ఆప్టికల్ అవుట్‌పుట్ నుంచి వైరు తీసి, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఏమీ మార్చకుండా రికార్డు చేశా. మొదట ఉత్త డిస్క్. తర్వాత అంచుకి పచ్చ మార్కర్ పూసి అదే పాట. రెండిటినీ శాంపిల్‌కి శాంపిల్ (శాంపిల్ అంటే సౌండు కొలత ఒకటి) జరిపి ఒకేచోట మొదలయ్యేలా పెట్టి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేశా. మిగిలింది సున్నా. పాట మొదలు నుంచి చివరి దాకా తెర మీద గీత చదునుగా ఉంది. (జరపడంలో ఒక్క శాంపిల్ తేడా వచ్చినా పెద్ద మోత వినబడుతుంది. ఎవరైనా చేస్తే ఆ మోత విని పెన్ను పని చేసిందనుకోకండి!)

రసికుడు గారి సర్వో అనుమానం ఇందులో తీరదని నాకు తెలుసు, ఇది డిజిటల్ వైపు మాత్రమే. ఆ అనుమానం ఉంటే పాటల్ని హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుని డీఏసీతో వినడమే. లేజర్ లేదు, కాయిల్ లేదు, పవర్ సప్లైని కుదిపే సర్వోనే ఉండదు.

పిఠాపురం కాలనీ రసికుడు:

హార్డ్‌డిస్క్‌లో పాట వినడం నా వల్ల కాదు బాబూ. సీడీ తీయాలి, పుస్తకం తిప్పాలి, ఎవరు వాయించారో చదవాలి. పరీక్ష చేస్తాను, మావాడు వేసవి సెలవులకి వస్తాడు. అంతదాకా మ్యాట్ తీయను. పెన్ను నేనూ వాడలేదు, అది మొదటి నుంచీ నాకు నచ్చలేదు.

సీతమ్మధార శ్రోత:

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం ధైర్యం చేసి మూత విప్పాను. లెన్స్ మీద కంటికి ఏమీ కనబడలేదు గానీ టార్చి ఏటవాలుగా వేస్తే తెల్లటి పొర ఉంది. మాష్టారు చెప్పినట్టే తుడిచాను. "నో డిస్క్" అనడం మానేసింది. పదేళ్లుగా మూలన పడున్న సీడీ ఒకటి, ఇది పోయిందనుకున్నది, అదీ తీసుకుంది.

చివరి పాటల గెంతుడు మాత్రం ఉంది. రాడ్ మీద గ్రీజు గోధుమరంగులో తేనెలాగ సాగుతోంది. తుడవాలంటే పికప్ బయటికి తీయాలనుకుంటా, నాకు భయంగా ఉంది. బావమరిదికి ఫోన్ చేసి డబ్బా వద్దన్నాను. వాడు "నీ చెవులకి అంతేలే బావా" అన్నాడు. వాడు పచ్చ పూసి వెళ్లిన సీడీ ఒకటి నా దగ్గరుంది. ఆ ఇంకు తుడవొచ్చా, అలాగే వదిలేయాలా?

డాబాగార్డెన్స్ సోల్డర్:

వదిలేయండి. తుడవడానికి స్పిరిట్ వాడితే అది లేబుల్ వైపు పాకి లక్కని పట్టుకుంటుంది, పూసినదానికంటే ఎక్కువ చెరుపు. ఆ సీడీ పాటలు ఆ కుర్రాడు చెప్పినట్టు కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకోండి. అప్పుడప్పుడు డిస్క్‌ని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టి చూడండి. అంచు నుంచి లోపలికి సూదిమొన చుక్కలు పాకుతూ కనబడితే తుప్పు మొదలైనట్టు.

గ్రీజుకి పికప్ మొత్తం తీయక్కర్లేదు, చాలా మోడళ్లలో రాడ్ ఒక్కటీ ఒకవైపు క్లిప్పు వదులు చేస్తే బయటికి వస్తుంది. మీ మోడల్ నంబరు వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, ఇక్కడ పెట్టండి, చెబుతా. తెల్ల లిథియం గ్రీజు కుట్టుమెషిన్ స్పేర్‌పార్టుల కొట్లో దొరుకుతుంది. ట్రే బెల్టు కూడా వేలితో సాగదీసి చూడండి, వదులుగా ఉంటే ఎలాగూ మూత విప్పే ఉంది కాబట్టి ఒకేసారి మార్చేద్దాం.